లోఫోటెన్‌లో బస్సు దిగి కొండ ఎక్కేముందు: సెప్టెంబరు, అక్టోబరు జాగ్రత్తలు

దసరా సెలవుల్లో నార్వే ఉత్తర తీరానికి వచ్చే మనవాళ్ళకు సాధారణంగా రెండు కోరికలుంటాయి. రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు, అంటే అరోరా చూడాలి, పగలు ఏదో ఒక కొండ ఎక్కి ఫోటో దిగాలి. లోఫోటెన్ దీవుల్లో రెండూ కుదురుతాయి, కారు లేకపోయినా ఫర్వాలేదు. స్వోల్వేర్ నుంచి లెక్‌నెస్, రైనె మీదుగా చిట్టచివరి ఊరు ‘ఓ’ దాకా ఇ10 రోడ్డు దీవుల్ని కలుపుతూ వెళ్తుంది. బస్సులూ ఆ రోడ్డు మీదే. చాలా కొండదారులు ఆ రోడ్డుకు దగ్గర్లోనే మొదలవుతాయి. కాకపోతే మీరు చదివి వచ్చే అనుభవాల్లో ఎక్కువ భాగం జూన్, జులై నెలలవి. అప్పుడిక్కడ అర్ధరాత్రి కూడా వెలుతురుంటుంది, రాత్రి పదింటికి కొండ ఎక్కినా ఎవరూ ఆశ్చర్యపోరు. సెప్టెంబరు దాటాక కొండ అదే, లెక్క మాత్రం వేరు.

ముందుగా చెప్పాల్సిన మాట ఇది: కొండను ఎంచుకుని దానికి బస్సు వెతకొద్దు. తిరుగు బస్సు ఎప్పుడుందో చూసుకుని, ఆ టైములో ఏ కొండ అవుతుందో అది ఎంచుకోండి.

వేసవి టైంటేబుల్ ఆగస్టుతోనే అయిపోతుంది. తర్వాత ట్రిప్పులు తగ్గుతాయి, శని ఆదివారాల్లో మరీ తగ్గుతాయి. కొన్ని బస్సులు బడి ఉన్న రోజుల్లోనే నడుస్తాయి. సెప్టెంబరు చివరో అక్టోబరు మొదట్లోనో ఇక్కడి పిల్లలకు ఒక వారం సెలవులొస్తాయి. ఆ వారంలో నిన్న ఉన్న బస్సు నేడు ఉండకపోవచ్చు. అందుకే స్నేహితులు పంపిన టైంటేబుల్ ఫోటోను నమ్మకండి. ‘ఎన్‌టూర్’ యాప్‌లో మీరు వెళ్ళే తేదీ కొట్టి, పోయే బస్సు, వచ్చే బస్సు రెండూ చూడండి. టికెట్‌కు ‘రైస్ నూర్‌లాన్’ అనే జిల్లా రవాణా యాప్ ఉంది. ముందురోజు రాత్రి పడుకునేముందు మరోసారి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

ఇక వెనక నుంచి లెక్క. చివరి బస్సు సాయంత్రం 5 గంటలకు అనుకుందాం. దాన్ని మీ బస్సు అనుకోవద్దు, దానికి ముందుదే మీది. చివరిది కాలు బెణికితేనో, దారి తప్పితేనో ఆదుకోవడానికి. ముందు బస్సు 3 గంటలకు ఉంటే, స్టాపుకు 2.30కే చేరాలి. దిగడానికి గంటన్నర పడుతుందంటే, ఒంటి గంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం ఇంకో 10 నిమిషాల్లో ఉన్నా సరే. ఈ ఒంటి గంటను బయల్దేరకముందే అందరూ ఒప్పుకోవాలి. పైకెళ్ళాక వాదించుకుంటే ఎప్పుడూ శిఖరమే గెలుస్తుంది. బస్సు పోతుందన్న తొందరలో తడిరాళ్ళ మీద పరుగెత్తుతూ దిగడం కంటే ప్రమాదకరమైనది ఈ నడకల్లో మరొకటి లేదు.

వెలుతురూ చాలా వేగంగా తగ్గుతుంది. సెప్టెంబరు మూడో వారంలో సూర్యాస్తమయం సాయంత్రం 7 ప్రాంతంలో. అక్కడి నుంచి పగలు రోజుకు దాదాపు 8 నిమిషాల చొప్పున, అంటే వారానికి గంట దాకా తరిగిపోతుంది. అక్టోబరు మధ్యకల్లా 5.30 ప్రాంతానికి వస్తుంది. నెలాఖరు ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిపాక మూడున్నర దాటితే సూర్యుడు కనిపించడు. కొండ నీడలో ఉన్న లోయల్లో చీకటి ఇంకా ముందే పడుతుంది. ఫోను లైటు సరిపోతుందనుకోవద్దు, ప్రతి మనిషికీ తలకు కట్టుకునే లైటు ఉండాలి.

ఏ కొండ? అందరికీ రైనెబ్రింగెనే కావాలి. ఎత్తు 448 మీటర్లే. నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు పేర్చిన దాదాపు 2 వేల రాతిమెట్లున్నాయి. అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవాళ్ళం, ఇదెంత అనుకుంటాం. అలిపిరిలో తలమీద కప్పుంది, పక్కన కొట్లున్నాయి. ఇక్కడ రాతి మీద వానే, లోయ వైపు పట్టుకోవడానికేమీ లేదు. తడిసిన మెట్లు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు జారతాయి. ముందువాళ్ళ కాలికింది రాయి మీ మీదికి రావచ్చు కాబట్టి ఎడంగా నడవండి. మెట్లు అయిపోయిన చోటే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అక్కడి నుంచి అంచు వెంట ముందుకు పోయే సన్నటి బాటను తడిలో, గాలిలో ముట్టుకోవద్దు. రైనె స్టాపు నుంచి మెట్ల దాకా రోడ్డు నడక కూడా ఉంది. సొరంగంలోంచి కాకుండా దాని పక్కనున్న పాత రోడ్డు మీద వెళ్ళండి.

నన్నడిగితే శరదృతువులో మొదటి నడకకు లెక్‌నెస్ దగ్గరున్న ఓఫెర్‌సోయ్‌కామెన్ మంచిది. 436 మీటర్లు. దారి ఇ10 పక్కనే మొదలవుతుంది. నిటారుగానే ఉంటుంది గానీ త్వరగా ముగుస్తుంది. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు తోడుంటే స్వోల్వేర్ దగ్గరి చెల్‌బర్గ్‌టిన్డెన్ చాలు, 367 మీటర్లే. క్వాల్‌వికా బీచ్ మాత్రం బస్సువాళ్ళను మోసం చేస్తుంది. ఫ్రెడ్‌వాంగ్ కూడలి దగ్గర దిగితే బాట మొదలుకే ఇంకా గంట పైన రోడ్డు నడక, మళ్ళీ రావడానికి అంతే. అక్టోబరు పగటికి అది ఎక్కువ. దారిపక్క బోర్డుల రంగులు గుర్తుంచుకోండి: ఆకుపచ్చ తేలిక, నీలం మధ్యస్థం, ఎరుపు కష్టం, నలుపు అలవాటున్నవాళ్ళకే.

వాతావరణానికి ఇక్కడందరూ చూసేది ‘ఈర్’ యాప్. ఇంగ్లీషులో వై, ఆర్ రెండే అక్షరాలు. ఊరి పేరు కాకుండా కొండ పేరు కొట్టి చూడండి. వాన కంటే ముందు గాలి చూడాలి. అది సెకనుకు మీటర్లలో ఉంటుంది, విసురు గాలి అంకె వేరుగా ఇస్తారు. విసురు 15 దాటితే, అంటే గంటకు 54 కిలోమీటర్లు, నేనైతే అంచుల మీదికి వెళ్ళను. ప్రతి 100 మీటర్లకూ అర డిగ్రీ పైగా చలి పెరుగుతుంది. కింద వాన పడితే అక్టోబరులో పైన మంచు కావచ్చు.

కారులో వచ్చినవాళ్ళకు పొడిబట్టలు డిక్కీలో ఉంటాయి. బస్సులో వచ్చినవాళ్ళకు డిక్కీ వీపు మీదే ఉండాలి. చెమటతో తడిసి కిందికొచ్చి, నీడ కూడా లేని స్టాపులో నలభై నిమిషాలు నిలబడటమే అసలు చలి. కొన్నిచోట్ల స్టాపంటే ఒక స్తంభం మాత్రమే. అందుకని మార్చుకోవడానికి ఉన్ని బనియను, మందపాటి జాకెట్, పొడి మేజోళ్ళు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. జిమ్ బూట్లు కూడా వద్దు. ఇక్కడి బాటలు సగం బురద, సగం నున్నటి రాయి, మధ్యలో వేర్లు. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ, పవర్ బ్యాంకు మామూలే. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది కాబట్టి ఫోనును లోపలి జేబులో ఉంచండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

కిరాణా కొట్టులో ‘క్విక్ లున్ష్’ చాక్లెట్ కూడా కొనుక్కోండి. దాని కవరు మీద కొండ నియమాలు అచ్చువేసే ఆనవాయితీ ఉంది. 1967 ఈస్టర్ సెలవుల్లో 18 మంది చనిపోయాక రెడ్‌క్రాస్, నార్వే ట్రెక్కింగ్ సంఘం దేశమంతా ప్రచారం చేసిన నియమాలవి. ఎనిమిదోది: వేళకు వెనక్కి తిరగండి, తిరగడంలో సిగ్గేమీ లేదు.

ఏదైనా జరిగితే వైద్య సాయానికి 113, తప్పిపోతే పోలీసులకు 112. ‘యెల్ప్ 113’ యాప్‌లోంచి ఫోన్ చేస్తే మీరున్న చోటు వాళ్ళకు తెలుస్తుంది. కొండ మీంచి కాపాడి తెచ్చినందుకు నార్వేలో డబ్బులడగరు, బిల్లుకు భయపడి ఆలస్యం చేయొద్దు. ఏ కొండకు వెళ్తున్నారో, ఏ బస్సుకు వస్తారో బసలో ఒకరికి చెప్పి వెళ్ళండి. టాక్సీ నంబరు కూడా రాసుకోండి. ఖరీదెక్కువ, అడిగిన వెంటనే దొరకదు కూడా, అయినా చీకట్లో ఇ10 వెంట నడవడం కంటే మేలు.

స్టాపులో చేయి ఎత్తకపోతే బస్సు ఆగకపోవచ్చు. చీకటిపడితే మీరక్కడున్నారని డ్రైవరుకు తెలియనే తెలియదు. ఫోను లైటు ఊపండి, నేరుగా ఆయన కళ్ళల్లోకి కొట్టకండి. సంచికీ చేతికీ వెలుగుపడితే మెరిసే పట్టీలు కట్టుకోండి, ఇక్కడ చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ కట్టుకుంటారు.

గాలి అసలు తగ్గని రోజు కూడా ఒకటి వస్తుందని ముందే అనుకోండి. ఆ రోజుకు బోర్గ్‌లోని వైకింగ్ మ్యూజియం ఉంది, అదీ ఇ10 మీదే. 83 మీటర్ల పొడవున తవ్వకాల్లో బయటపడిన నాయకుడి ఇంటిని అక్కడ మళ్ళీ కట్టారు. శరదృతువులో తెరిచి ఉంచే వేళలు తక్కువ, బస్సుతో పాటు అవి కూడా చూసుకుని బయల్దేరండి.