కుక్క దురద తగ్గట్లేదా? తిండి మార్చే ముందు తోక మొదలు చూడండి

కుక్క గోక్కోవడం మొదలెట్టగానే చాలామంది చేసే మొదటి పని తిండి మార్చడం. చికెన్ మానేస్తారు, ఖరీదైన బస్తా కొంటారు, నెల తిరక్కుండా ఇంకో బ్రాండు. తిండి అలర్జీ లేదని కాదు. కానీ చూడాల్సిన వరుసలో అది చాలా వెనక ఉంటుంది.

ముఖం వాచింది, ఒళ్లంతా దద్దుర్లు

తేనెటీగ కుట్టిన, టీకా వేయించిన, కొత్త మందు పట్టిన కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు వచ్చే అలర్జీ రియాక్షన్ ఇది. కుక్క హుషారుగా ఉండి, మూతి మాత్రమే వాచి ఉంటే వెటర్నరీ డాక్టరుకి ఫోన్ చేసి, చెప్పినట్టు చేయండి. వాపుతో పాటు వాంతి, విరేచనం, నీరసం, పాలిపోయిన చిగుళ్లు, ఊపిరి ఆడకపోవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోన్లతో కాలయాపన వద్దు, బయల్దేరండి. కుక్కల్లో తీవ్రమైన రియాక్షన్ దెబ్బ కాలేయం, పేగుల మీద గట్టిగా పడుతుంది. అందుకే ఆ సమయంలో అయ్యే వాంతిని అజీర్ణం అనుకోకూడదు. మూతి ఒకవైపే వాచి, ముట్టుకుంటే అరుస్తుంటే పాముకాటు కూడా కావచ్చు.

మనుషుల జలుబు మాత్ర వేయకండి. అందులో కలిసి ఉండే పారాసెటమాల్, సూడోఎఫెడ్రిన్ కుక్కకి విషం. సిరప్‌లో జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉంటే అదీ అంతే. ఉత్త సెటిరిజిన్ (అలర్జీ మాత్ర) అయినా డాక్టరు బరువు చూసి చెప్పిన మోతాదే.

వారాల తరబడి దురద: ఎక్కడ?

ఈ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుంది. నడుం నుంచి తోక మొదలు దాకా, వెనక తొడల దగ్గర జుట్టు రాలి, కొరుక్కుంటుంటే ముందుగా అనుమానించాల్సింది ఫ్లీ పురుగుల్ని, అంటే జుట్టులో గెంతుతూ రక్తం పీల్చే చిన్న పురుగుల్ని. పంజాలు, చెవులు, ముఖం, చంకలు, పొట్ట అయితే వాతావరణంలోని దుమ్ము, పుప్పొడి అలర్జీ, లేదా తిండి. చెవి అంచులు, మోచేతులు అయితే గజ్జి.

"మా కుక్కకి ఫ్లీలు లేవండీ"

అందరూ అనేది ఇదే. కనపడకపోవడం లేవనడానికి రుజువు కాదు. అలర్జీ ఉన్న కుక్క రోజంతా నాక్కుంటూ, కొరుక్కుంటూ ఒంటిమీది పురుగుల్ని తనే మింగేస్తుంది. దానికి పడనిది ఫ్లీ లాలాజలం. ఒకటి రెండు కాట్లు చాలు, దురద రోజుల తరబడి ఉంటుంది. పిడుదుల్లా ఇవి చర్మానికి అంటిపెట్టుకుని కూర్చోవు, కాబట్టి చేత్తో తడిమితే దొరకవు.

సన్నపళ్ల పేల దువ్వెనతో తోక మొదట్లో జుట్టు కుదుళ్ల దాకా దువ్వండి. దువ్వెనకి వచ్చిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్ల టిష్యూ మీద దులపండి. ఒకటి రెండు నిమిషాల్లో నలుసు చుట్టూ ఎర్రటి, తుప్పు రంగు మరక పాకితే అది ఫ్లీ రెట్ట, అంటే అరిగిన రక్తం. రంగు దిగకపోతే మట్టి. మలద్వారం దగ్గర దోసగింజల్లాంటి తెల్లటి ముక్కలు అంటుకుని ఉంటే అవి బద్దెపురుగువి. సాధారణంగా ఫ్లీని మింగితే అది కడుపులోకి వస్తుంది. ఈ రెండూ దొరక్కపోయినా, దురద వెనక భాగంలోనే ఉంటే మందు పెట్టి చూడాల్సిందే.

ఇక మందు పెట్టినా తగ్గలేదంటే కారణం సాధారణంగా వీటిలో ఒకటి.

ఒంటిమీద ఉండే పెద్ద ఫ్లీలు మొత్తంలో సుమారు 5 శాతమే. మిగతాదంతా గుడ్లు, లార్వాలు (పిల్ల పురుగులు), ప్యూపాలుగా (గూడు కట్టుకున్న దశ) పక్కబట్టలో, సోఫా సందుల్లో, కారు సీట్లో ఉంటుంది. ఆడ ఫ్లీ రోజుకి 40 దాకా గుడ్లు పెడుతుంది, అవి జారి నేలమీద పడతాయి. గూటిలో ఉన్న ప్యూపాని ఏ స్ప్రే చంపలేదు, అది నెలల తరబడి ఆగగలదు కూడా. కాబట్టి మందు వేసిన రెండు మూడు వారాలకి మళ్లీ ఫ్లీ కనపడితే మందు పని చేయలేదని కాదు, పాత ప్యూపాలు పగులుతున్నాయని. ఇక్కడే అందరూ మందు మార్చేస్తారు. మార్చకండి. మధ్యలో గ్యాప్ లేకుండా కనీసం 3 నెలలు వాడండి. పక్కబట్టల్ని వారం వారం 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. వాక్యూమ్ పట్టి, ఆ చెత్తని వెంటనే బయట పారేయండి.

గోక్కునే కుక్క ఒక్కదానికే మందు వేయడం ఇంకో తప్పు. దురదే లేని పిల్లి ఇంటికంతటికీ ఫ్లీలు పంచుతూ ఉంటుంది. ఇంట్లో జంతువులన్నిటికీ ఒకేసారి వేయాలి. అయితే పెర్మెత్రిన్ ఉన్న కుక్క మందు పిల్లికి వేస్తే ప్రాణం పోతుంది, పిల్లికి పిల్లి మందే.

చుక్కల మందు అయితే భుజాల మధ్య జుట్టు పాయ తీసి చర్మం మీద వేయాలి. జుట్టు మీద వేస్తే వృథా. చాలావాటికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు, ఎందుకంటే ఆ మందు చర్మం మీది నూనె ద్వారానే పాకుతుంది. మాత్రల్లో ఫ్లూరలానర్ సుమారు 12 వారాలు, అఫాక్సొలానర్ నెల పనిచేస్తాయి. ఫ్లూరలానర్ తిండితో ఇవ్వాలి, ఖాళీ కడుపుతో సరిగా ఒంటబట్టదు. కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఈ మాత్రలకి ముందే డాక్టరుకి చెప్పండి. మోతాదుకి ఇవాళ తూచిన బరువే లెక్క.

ఈలోపు దురద ఆగడానికి డాక్టరు కొన్నాళ్లు ప్రెడ్నిసొలోన్ గానీ, ఏడాది నిండిన కుక్కైతే ఒక్లాసిటినిబ్ గానీ ఇస్తారు. అవి దురదని ఆపుతాయి, ఫ్లీని కాదు.

కంపు, జిడ్డు, పొక్కులు

ఇది అలర్జీ మీద ఎక్కిన ఇన్ఫెక్షన్. జిడ్డుగా, గోధుమరంగులో, ఘాటుగా వాసనొస్తే ఈస్ట్ (ఒక రకం ఫంగస్). చీము పొక్కులు, గుండ్రటి పొలుసులుంటే బాక్టీరియా. ఇది తగ్గేదాకా దురద మందులు సగమే పనిచేస్తాయి. 3-4 శాతం క్లోర్‌హెక్సిడిన్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగ 10 నిమిషాలు ఒంటిమీదే ఉండాలి. గడియారం చూడండి. నిమిషంలో కడిగేసి "షాంపూ పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

ఫ్లీ కాదని తేలాక తిండి

కుక్క ఇదివరకు తినని మాంసం లేదా హైడ్రోలైజ్డ్ (ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టిన) ఆహారం, 8 వారాలు, అదొక్కటే. బిస్కెట్లు, ఎముకలు, మాంసం రుచి కలిపిన నమిలే మాత్రలు కూడా బంద్. తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టండి. రెండు వారాల్లో దురద తిరిగొస్తేనే అది తిండి అలర్జీ. తిండి అలర్జీకి రక్తం, ఉమ్మి, జుట్టు పరీక్షలు నమ్మదగ్గవి కావు, ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఇదీ కాకపోతే వాతావరణ అలర్జీ. సాధారణంగా 6 నెలలు-3 ఏళ్ల మధ్య మొదలవుతుంది, పూర్తిగా పోదు, డాక్టరుతో కలిసి అదుపులో పెట్టుకోవాలి.

మిగతావి

చెవి అంచుని వేళ్లతో రుద్దితే వెనక కాలు గాల్లో గోకుతూ, ఇంట్లో మనుషులకీ ఎర్రటి పొక్కులొస్తే గజ్జి. పైన చెప్పిన ఫ్లీ మాత్రల (ఫ్లూరలానర్, అఫాక్సొలానర్) కుటుంబమే దానికీ పనిచేస్తుంది. నేల తుడిచే మందు, ప్లాస్టిక్ గిన్నె పడకపోవడం అరుదు. పొట్ట మీద జుట్టు లేని చోటో, గడ్డం కిందో మాత్రమే ఎర్రబడితే అవి మార్చి చూడండి.