శీతాకాలం మేత, 3వ పాఠం: పట్ట ఎత్తకండి

పోయిన పాఠం చదివి, ఎండు వరిగడ్డి మెత్తబడాలని దాని మీద యూరియా కరిగిన నీళ్లు చల్లి, వామి వేసి ప్లాస్టిక్ పట్ట కప్పి మాగబెట్టినవాళ్లలో చాలామందికి ఒకటే కష్టం వచ్చింది. వామి పైపొరంతా తెల్లటి బూజు, లోపల చెయ్యి పెడితే జిగట. పశువు మూతి కూడా పెట్టలేదని రాశారు. ఈసారి జొన్న చొప్ప గురించి చెబుదామనుకున్నాను, కానీ ముందు ఈ బూజు సంగతి తేలాలి.

కొలత పాతదే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. ఇది బాగా ఎండిన గడ్డికి. నెల్లూరు, ప్రకాశంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. తుఫానుకు తడిసిన గడ్డి మీద మళ్లీ అన్ని నీళ్లు పోస్తే కుళ్లక ఏమవుతుంది? పరక వంచి చూడండి, పుటుక్కున విరగాలి. విరక్కపోతే ముందు ఎండబెట్టండి.

అసలు తప్పు మాత్రం పట్ట ఎత్తి చూడటం. మూడో రోజు ఒకసారి, వారానికి ఇంకోసారి చూశామని మీరే రాశారు. తడి గడ్డిలో యూరియా విరిగి అమ్మోనియా అవుతుంది. గడ్డిని మెత్తబరిచేది, బూజును రానివ్వనిది ఆ వాయువే. పట్ట ఎత్తితే అది బయటికి పోతుంది, గాలి లోపలికి వస్తుంది. పోయిన అమ్మోనియాను మళ్లీ పట్ట కప్పి వెనక్కి తేలేరు. చలి రోజుల్లో ఈ పని ఇంకా నిదానం, అందుకే మామూలుగా చెప్పే 21 రోజులు చాలవు, నేను 28 రోజులు కప్పి ఉంచుతాను. పొర వేసిన కొద్దీ కాళ్లతో తొక్కండి, పట్ట అంచుల మీద మట్టి కప్పండి. ఎక్కడైనా ఘాటు ముక్కుకు తగిలితే అక్కడ చిల్లు ఉన్నట్టే, పైనుంచే అతికించండి.

తీసిన గడ్డి గంటసేపు ఆరబెట్టి, మొదట మామూలు గడ్డిలో కొంచెం కలిపి పెట్టండి. బూజు పట్టింది మాత్రం పెంటకుప్పలోకే. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్ల బకెట్ పశువులకు అందేచోట ఒక్క నిమిషం కూడా ఉంచకండి, కుడితిలో కలపకండి. తాగిన ఆవు కడుపు ఉబ్బి, నురగ కక్కుతూ కొద్దిసేపట్లోనే పోవచ్చు. వెంటనే పశువుల డాక్టరును పిలవాలి.

ఒంగోలు ఆవులకు దీని పక్కన ఏ పచ్చిమేతైనా పనికొస్తుంది. నాకు మాత్రం వరి కోసిన చేలో వేసిన పిల్లిపెసరే ఇష్టం.

అభ్యాసం: 10 కిలోల గడ్డి, 400 గ్రాముల యూరియా, 5 లీటర్ల నీళ్లతో చిల్లులేని ప్లాస్టిక్ సంచి ఒకటి కట్టండి. 28 రోజుల దాకా మూతి విప్పకండి. విప్పాక ఒకే ఆవుకు రోజూ తూచి పెట్టి, గాడిలో మిగిలింది కూడా తూచండి. ఆ లెక్క చేతిలో ఉన్నవాళ్లకే వచ్చే పాఠం పనికొస్తుంది.