నీలు సుట్టేసినాయి బావూ: సరౌండ్ అనే క్రియని వాడటం ఎలా

నాగావళికి వరదొస్తే మా ఊళ్లో జరిగేది ఎప్పుడూ ఒకటే. ఒడిశా కొండల్లో గట్టి వాన పడుతుంది, తోటపల్లి దగ్గర గేట్లు ఎత్తుతారు, మర్నాటికల్లా పడమటనున్న ఏరూ తూర్పునున్న గెడ్డా పల్లపు పొలాల మీదుగా ఒకటైపోతాయి. మా పెద్దమ్మ అరుగు మీద నిలబడి, "నీలు సుట్టేసినాయి బావూ, ఇంకెక్కడికెల్తావు, కూకో" అనేది. సరౌండ్ అనే ఇంగ్లీషు క్రియకి ఇంతకంటే మంచి అర్థం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్లలో ముప్పయ్యేళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రం పూట డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదివే పిల్లలు నలుగురైదుగురు మా అరుగు మీదకొస్తారు. వాళ్ల నోట్సుల్లో నా ఎర్రసిరా ఎక్కువ తాగే మాటల్లో ఈ సరౌండ్ ఒకటి. కష్టమైన మాటేమీ కాదు. మనం 'చుట్టూ' అని ఒక ముక్క అనేసి పని కానిచ్చేస్తాం. ఇంగ్లీషువాళ్లు ఆ పనికి ఏకంగా ఒక క్రియనే పెట్టుకున్నారు. చిక్కంతా అక్కడే.

నేనూ దీని చేతిలో దెబ్బతిన్నవాణ్ణే. ఉద్యోగం కోసం మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్తే మీ ఊరి గురించి చెప్పమన్నారు. రాత్రంతా బట్టీ పట్టిన వాక్యం వదిలాను: "మై విలేజ్ ఈజ్ సరౌండింగ్ బై రివర్." ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ తెలుగులోనే అడిగాడు, "ఏమయ్యా, మీ ఊరు నది చుట్టూ తిరుగుతోందా, నది మీ ఊరి చుట్టూ తిరుగుతోందా?" పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఆ ఏడు ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క వాక్యం వల్లేనని అనను గానీ, బస్సులో ఇల్లు చేరేదాకా బుర్రలో ఆ ప్రశ్నే.

ఇప్పుడు నా పాఠం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. సుద్దముక్కతో గచ్చు మీద ఒక సున్నా గీస్తాను. మధ్యలో ఒక చింతపిక్క పెడతాను. గీత పొడుగునా ఎనిమిదో తొమ్మిదో జీడిపిక్కలు పేరుస్తాను. (మా కోడలి పుట్టిల్లు ఉద్దానం, పిక్కలకి లోటు లేదు. పాఠం అయ్యాక పిల్లలు వాటిని కాల్చుకు తింటారు. పాఠానికి రావడంలో అదీ ఒక ఆశే అని నా అనుమానం.) అప్పుడు రెండే ప్రశ్నలు వేస్తాను. లోపలున్నదేది? చింతపిక్క. బయటున్నదేది? జీడిపిక్కలు. సరౌండ్ అనే పని చేసేది బయటిది. వాక్యంలో ముందు దాన్ని కూర్చోబెట్టండి, తర్వాత సరౌండ్ అనండి, ఆ వెంటనే లోపలిదాన్ని పెట్టండి. "హిల్స్ సరౌండ్ ద విలేజ్." ఊరి చుట్టూ కొండలున్నాయి. అయిపోయింది.

అయిపోయింది అంటే పిల్లలకి నమ్మకం కుదరదు. ఇంకేదో ఉండాలని "హిల్స్ ఆర్ సరౌండ్ ద విలేజ్" అని ఒకడు, "సరౌండ్ అరౌండ్ ద విలేజ్" అని ఒకర్తె, "సరౌండ్ టు ద విలేజ్" అని ఇంకొకడు రాస్తారు. తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే కోపం రాదు. 'ఉన్నాయి' ఉంది కాబట్టి ఆర్, 'చుట్టూ' ఉంది కాబట్టి అరౌండ్, ఊరికి కదా అని టు. సరౌండ్ కడుపులోనే 'చుట్టూ' ఉంది, 'ఉన్నాయి' కూడా ఉంది. మళ్లీ బయటినుంచి తగిలించక్కర్లేదు. అరౌండ్ మీద అంత మమకారం ఉంటే సరౌండ్ జోలికే వెళ్లకుండా "దేర్ ఆర్ హిల్స్ అరౌండ్ ద విలేజ్" అనండి. అదీ చక్కటి వాక్యమే.

అసలు ఇంగ్లీషువాళ్లు ఈ మాటని తిప్పి వాడటమే ఎక్కువ. చెప్పేది ఊరి గురించైనప్పుడు ఊరితోనే మొదలుపెడతారు: "ద విలేజ్ ఈజ్ సరౌండెడ్ బై హిల్స్." మనం ఇంట్లో కర్మణి వాక్యాలు మాట్లాడం. 'మా ఊరు కొండలచేత చుట్టబడి ఉన్నది' అన్నానంటే మా ఆవిడ జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. అందుకే మన నోటికి ఆ 'ఎడ్' అలవాటు కాదు, దాని చోట్లో 'ఇంగ్' దూరిపోతుంది. ఇంటర్వ్యూలో నన్ను ముంచింది అదే. గుర్తు ఒకటి చెప్తాను: వెనకాల 'బై' అనబోతున్నారంటే దాని ముందుండాల్సింది సరౌండెడ్. సరౌండింగ్ కాదు.

అలాగని ఇంగ్ పనికిరాదని కాదు. కదలిక ఉన్నచోట దానికి చోటుంది. కొండలకి "ఆర్ సరౌండింగ్" అని పెడితే, అవి ఒక్కొక్కటీ నడిచొచ్చి ఊరి చుట్టూ చేరుతున్నట్టు ఉంటుంది. పోలీసులు నిజంగానే నడిచొస్తారు: "ద పోలీస్ ఆర్ సరౌండింగ్ ద హౌస్." చుట్టుముడుతున్నారు, పని ఇంకా పూర్తి కాలేదు. తెలుగులో 'చుట్టూ ఉంది' వేరు, 'చుట్టుముట్టింది' వేరు. సరౌండ్ ఒక్కటే ఆ రెండు పనులూ చేస్తుంది కాబట్టి, ఎక్కడ కనిపించినా ఇది ఉండటమా, ముట్టడమా అని ముందు తేల్చుకోవాలి.

ముట్టడం అనగానే మా వైపు ఎవరికైనా గుర్తొచ్చేది బొబ్బిలి. 1757 జనవరి 24న బుస్సీ నడిపిన ఫ్రెంచి సేన, విజయనగరం ప్రభువు విజయరామరాజు బలగం కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. "ద ఆర్మీ సరౌండెడ్ ద ఫోర్ట్" అని రాశాను పలక మీద. వెంటనే ఒక గుంటడు లేచాడు. "ఏటి మాస్టారూ, ఎడ్ ఉంటే బై ఉండాలన్నారు కదా?" నేను అన్నది దానికి తలకిందులు, బై ఉంటే ఎడ్ ఉండాలని. అయినా అడగవలసిన ప్రశ్నే అడిగాడు. ఇక్కడి ఎడ్ భూతకాలానిది. ముందర ఈజ్, వాజ్ లాంటివేవీ లేవు చూడండి. సేన బయటిది, అదే కర్త, అది చుట్టుముట్టేసింది. కోటతో మొదలుపెడితే "ద ఫోర్ట్ వాజ్ సరౌండెడ్ బై ద ఆర్మీ" అవుతుంది. పోలీసు పరీక్ష రాసేవాడికి ఈ జంట వాక్యాలు వస్తే చాలు, ఈ క్రియతో సగం పని అయినట్టే. లోపలివాళ్లు లొంగేదాకా దారులు మూసి, తిండీ నీళ్లూ అందకుండా రోజుల తరబడి కాపు కాస్తే దాన్ని బిసీజ్ అనాలి. మన పేపర్లు 'ముట్టడి' అని రాసే ధర్నాలని ఇంగ్లీషు పేపర్లు చాలాసార్లు ఘెరావ్ అంటాయి. చుట్టుముట్టడమనే హిందీ మాట అది, ఇంగ్లీషు నిఘంటువుల్లోకీ ఎక్కి కూర్చుంది.

ఇక బై, విత్ తగువు. మా నాన్న పెరటి చుట్టూ తాటిమట్టలతో దడి కట్టాడు. "మై ఫాదర్ సరౌండెడ్ ద గార్డెన్ విత్ ఎ ఫెన్స్." కర్త బయట ఉండేదని ఇందాక అన్నాను, ఇక్కడ మాత్రం ఆ మాట నడవదు. పెరటి చుట్టూ ఉన్నది నాన్న కాదు, దడి. కట్టినవాడు ఒకడున్నాడు కాబట్టి అతను కర్త అయ్యాడు, చుట్టూ పెట్టిన వస్తువుకి విత్ వచ్చింది. నాన్నని తీసేస్తే మళ్లీ పాత దారే: "ద గార్డెన్ ఈజ్ సరౌండెడ్ బై ఎ ఫెన్స్." ఇలాంటిచోట విత్ అనేవాళ్లూ ఉన్నారు, తప్పని కొట్టెయ్యలేం. పరీక్షలో ఖాళీ పూరించమంటే మాత్రం బై రాసి ముందుకెళ్లండి.

మనుషుల విషయంలోనూ ఈ తేడా పనిచేస్తుంది. "షీ సరౌండ్స్ హర్‌సెల్ఫ్ విత్ గుడ్ ఫ్రెండ్స్" అంటే మంచివాళ్లని తనే ఏరుకుని చుట్టూ పెట్టుకుందని. పెళ్లికూతురు మాత్రం "సరౌండెడ్ బై రిలేటివ్స్." వాళ్లని ఎవరూ ఏరుకోరు, వాళ్లే వచ్చి మూగుతారు. చుట్టం అనే మాట 'చుట్టు' నుంచే పుట్టింది మరి.

మా జిల్లా గురించి వ్యాసం రాయమంటే ఏటా ఎవరో ఒకరు "శ్రీకాకుళం ఈజ్ సరౌండెడ్ బై సీ" అని రాస్తారు. నాలుగు పక్కలా సముద్రమే అయితే విజయనగరం వెళ్లడానికి పడవెక్కాలి. మనకి సముద్రం ఉన్నది తూర్పునే. ఒక్క పక్క ఉన్నదానికి ఈ క్రియ చెల్లదు, "ద సీ ఈజ్ ఆన్ ద ఈస్ట్" అంటే సరిపోతుంది. మూడు పక్కలుంటే ఆ లెక్క పైకి చెప్పి వాడుకోవచ్చు. ఇండియా "ఈజ్ సరౌండెడ్ బై వాటర్ ఆన్ త్రీ సైడ్స్." లెక్క చెప్పకపోతే అన్ని పక్కలా అనే అర్థం.

కంటికి కనపడనివి కూడా సరౌండ్ చేస్తాయి. ఒక చావు చుట్టూ అనుమానాలు, ఒక ఒప్పందం చుట్టూ వివాదం. "ద సర్కమ్‌స్టాన్సెస్ సరౌండింగ్ ద యాక్సిడెంట్" అని పేపర్లో చూస్తారు, ప్రమాదానికి సంబంధించిన పరిస్థితులని భావం. అది వార్తల భాష. చదివితే అర్థమైతే చాలు, మీరు రాయాల్సిన అవసరం తరచుగా రాదు.

సరౌండింగ్స్ మాత్రం రోజూ కావాలి. "సరౌండింగ్ విలేజెస్" అంటే చుట్టుపక్కల ఊళ్లు, అక్కడ చివర ఎస్ లేదు, అది విశేషణం. పరిసరాలు అనే నామవాచకం కావాలంటే ఎస్ ఉండి తీరాలి. తెలుగులోనూ ఇల్లూ వాకిలీ శుభ్రం గురించి చెప్పేటప్పుడు పరిసరాలు అంటాం గానీ పరిసరం అనం కదా, ఇంక మర్చిపోవడానికేముంది? నేను పనిచేసిన ఒక బడి ప్రహరీ మీద 'కీప్ సరౌండింగ్ క్లీన్' అని నీలం రంగుతో ఇంతింత అక్షరాలు ఉండేవి. ఉండబట్టలేక ఒక ఆదివారం సుద్దముక్కతో ఎస్ చేర్చి వచ్చాను. ఆ వారమే వానకి కొట్టుకుపోయింది. నాకు బదిలీ అయ్యేదాకా ఆ గోడ అలాగే ఉంది, కిందనున్న చెత్తకుప్పతో సహా.

దీని దాయాదులు కొన్ని ఉన్నాయి. గోడతోనో కంచెతోనో మూసేస్తే ఎన్‌క్లోజ్. విజయనగరంలో 1713లో మొదలుపెట్టిన కోట గోడలు లోపలి కట్టడాలకి చేస్తున్న పని అదే. దరఖాస్తుతో పాటు సర్టిఫికెట్లు కవర్లో పెట్టడమూ ఎన్‌క్లోజే, అక్కడ సరౌండ్ వాడితే నవ్వుతారు. గుండ్రంగా వలయం కడితే ఎన్‌సర్కిల్. ఎన్‌కంపస్ ఎక్కువగా విషయాలకి, ఒక సిలబస్ ఏయే పాఠాలని కలుపుకుంటుందో చెప్పడానికి.

ఇప్పుడు పెద్దమ్మ దగ్గరికి వస్తాను. లాటిన్‌లో 'ఉండా' అంటే అల. 'సూపర్' అంటే మీద. అల మీదకొచ్చి పొంగి పొర్లడాన్ని సూపరుండారే అన్నారు. అది ఫ్రెంచి దారిలో ఇంగ్లీషుకి చేరిన 15వ శతాబ్దంలో సరౌండ్ అంటే నీళ్లు ముంచెత్తడమే. రౌండ్ అనే మాటతో దానికి పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. చెవికి అలా వినబడటంతో జనం దాన్ని గుండ్రం మాటల్లో కలిపేసుకున్నారు, 17వ శతాబ్దంలో 'చుట్టూ ఉండటం' అనే అర్థం స్థిరపడింది. స్పెల్లింగులో రెండు ఆర్‌లు రావడమూ ఆ రౌండ్ చలవే: ఎస్ యూ ఆర్, ఆ తర్వాత రౌండ్. రాసేటప్పుడు రెండు ఆర్‌లు, పలికేటప్పుడు ఒక్కటే, 'సరౌండ్' అని, ఊనిక 'రౌండ్' మీద. ఇనండేట్, అబౌండ్, రిడండెంట్ కూడా ఆ అల పిల్లలే. 'సరౌండ్ అరౌండ్'లోని అరౌండ్ రిడండెంట్ అని కొట్టేసినప్పుడల్లా నాలో నేను నవ్వుకుంటాను. బడి మొహం చూడని మా పెద్దమ్మ 'నీలు సుట్టేసినాయి' అన్న రెండు మాటల్లో ఆ పాత అర్థమూ ఉంది, కొత్త అర్థమూ ఉంది.

ఇవి ఇంగ్లీషులో రాసి చూసుకోండి. సిరిమానుని జనం చుట్టుముట్టారు. గుడి చుట్టూ కొట్లున్నాయి. ఆయన జీడితోట చుట్టూ ముళ్లకంచె వేశాడు. చుట్టుపక్కల ఊళ్లలో కరెంటు లేదు. ఏరు మా ఊరిని చుట్టేస్తోంది.

మొదటి నాలుగూ మీరు రాసేస్తారు. చివరిదాని దగ్గర ఇంగ్ పెట్టాలా వద్దా అని మా పిల్లలు కలం ఆపేస్తారు. పెట్టాలి. నీళ్లు ఇంకా వస్తున్నాయి, చుట్టడం పూర్తి కాలేదు: "ద రివర్ ఈజ్ సరౌండింగ్ మై విలేజ్." అంటే ఆ రోజు ఇంటర్వ్యూలో ఊరిని వెనక్కీ నదిని ముందుకీ జరిపి, బైని మింగేసి, నదికి ముందు ఒక 'ద' తగిలించి ఉంటే నా వాక్యం సరిగ్గానే ఉండేది. పెద్దాయన ఆ ప్రశ్న వేసినా జవాబు ఉండేది: వరదొచ్చినప్పుడు నదే తిరుగుతుందండీ, మా ఊరి చుట్టూ.