కేసింగ్ లేకుండా బంకమట్టి దాటొద్దు

పోయిన నెల చెక్క పుచ్చిపోకుండా పట్టించే క్రియోసోట్ అనే నూనె వాడిన ఒక పాత సైట్‌లో జరిగింది విన్నాక ఇది రాయక తప్పట్లేదు. పై ఇసుకలో జిడ్డు కనిపిస్తున్నా ఆగకుండా అదే కన్నంలోంచి బంకమట్టి దాటించి డ్రిల్ దింపేశారట. అప్పటిదాకా బాగున్న కింది నీళ్లలో ఇప్పుడు క్రియోసోట్‌లో ఉండే నాఫ్తలీన్ వస్తోంది.

అమెరికాలో ఎంఎస్ అయిపోయి, ఈ వేసవిలో మొదటిసారి రిగ్ వెంట వెళ్తున్న మనవాళ్ల కోసం రాస్తున్నా. హెల్మెట్, బూట్ల సంగతి మీ ట్రైనింగ్‌లో చెప్తారు, నేను చెప్పను.

ముందు కింద ఏముందో తెలుసుకోండి. క్రియోసోట్ నీళ్లకంటే బరువు, నీటిమట్టం దగ్గర ఆగదు, దిగుతూ పోయి బంకమట్టి మీద మడుగు కడుతుంది. పెంటాక్లోరోఫినాల్ అనే ఇంకో చెక్క మందు కలిపిన డీజిల్ పైన తేలుతుంది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మందు నీళ్లలో కరిగి వాడేదే. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో 1916 నుంచి 2009 దాకా కరెంటు స్తంభాలకు మందు పట్టించిన యార్డులో ఈ మూడూ వాడారు. దాని కింద హాథార్న్ బంకమట్టి పొరలు, వాటి కింద ఊరంతా తాగే ఫ్లోరిడన్ అక్విఫర్ అనే భూగర్భజలాల పొర. ఊరి తాగునీటి బావులు అక్కడికి సుమారు రెండు మైళ్లే. అలాంటిచోట మీరు వేసే కన్నం మడుగుకీ మంచినీళ్లకీ మధ్య పైపు వేసినట్టే.

కాబట్టి బంకమట్టి తగలగానే ఆగండి. కన్నానికి తొడుగు పైపులా ఉండే స్టీల్ కేసింగ్‌ని ఆ మట్టిలోకి రెండు మూడు అడుగులు దింపి, చుట్టూ గ్రౌట్ (సిమెంటు ముద్ద) పోసి, కనీసం 24 గంటలు గట్టిపడనిచ్చి, లోపలి మురికినీళ్లు తోడేసి, అప్పుడు చిన్న బిట్‌తో కిందికి వెళ్లాలి. రిగ్ ఖాళీగా ఉంటే డబ్బులెవరిస్తారని డ్రిల్లర్ గొణుగుతాడు. గొణగనివ్వండి.

పైకి తీసిన కడ్డీలాంటి బంకమట్టి కోర్‌ని చాకుతో నిలువునా చీల్చి చూడండి. పైకి బూడిదరంగులో శుభ్రంగానే ఉంటుంది, లోపల వెంట్రుకంత పగుళ్ల వెంబడి గోధుమరంగు చారలు కనిపిస్తే ఆ పొర మీరనుకున్నంత గట్టిది కాదు. కేసింగ్ అక్కడ దింపొద్దు, మేనేజర్‌కి ఫోన్ చేయండి.

కోర్‌ని ముక్కు దగ్గర పెట్టుకోవద్దు, కలరా ఉండల వాసన నిలబడినచోటికే వస్తుంది. గాలిలో రసాయన ఆవిరుల్ని పట్టే పీఐడీ మీటర్ సున్నా చూపించిందని శుభ్రమని రాయొద్దు, ఆర్సెనిక్ దానికి తెలీదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, లెదర్‌వి తడిస్తే పారేయండి. చొక్కా చేతులు మడవొద్దు, క్రియోసోట్ అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. శాంపిళ్లు శుభ్రమైన బావితో మొదలుపెట్టి మురికి బావితో ముగించండి. రికార్డుల్లో లేని పాత బావి కనిపిస్తే మూతేసి వదిలేయొద్దు, అడుగు నుంచి పైదాకా గ్రౌట్ నింపించాలి. క్రియోసోట్ పట్టిన రైలు స్లీపర్ ముక్కలు కాల్చొద్దు. సైట్ బూట్లు ఇంట్లోకి తేవొద్దు. పక్కిళ్లవాళ్లు బావి నీళ్ల గురించి అడిగితే మరగబెట్టుకోమని పొరపాటున కూడా అనొద్దు, ఆర్సెనిక్ మరిగిస్తే పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

సాయంత్రం నాలుగింటికి, మబ్బు పట్టాక, "ఇంకో ఐదడుగులేగా, కానిచ్చేద్దాం" అంటారు. కానివ్వొద్దు. కేసింగ్ లేకుండా బంకమట్టి దాటొద్దు. కొత్తవాళ్లయినా సరే, రిగ్ ఆపమనండి, ఏ లోతులో ఎన్నింటికి ఆపారో అప్పటికప్పుడే ఫీల్డ్ బుక్‌లో రాసేయండి.