సిగ్నేచర్ గిటార్ పేరు చదవడం – 3వ భాగం: ఆ అంకె దేని లెక్క?

పేరున్న గిటారిస్టు పేరు మీద కంపెనీ చేసి అమ్మే మోడలే సిగ్నేచర్ గిటార్. పోయిన భాగంలో ఆ మోడల్ పేరు మొదట్లో ఉండే అక్షరాలు చూశాం. జేపీ అంటే జాన్ పెట్రూచీ, జేఎస్ అంటే జో శాట్రియానీ, కేహెచ్ అంటే కిర్క్ హామెట్, అందరూ గిటారిస్టులే, అక్కడిదాకా పెద్ద ఇబ్బంది లేదు. తికమక అంతా ఆ వెనక వచ్చే అంకెలతోనే, ఎందుకంటే కంపెనీకో లెక్క, ఒక్కోసారి ఒకే కంపెనీలో ఒకే మనిషి పేరు మీద కూడా రెండు లెక్కలు ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే, అందుకే ఈ భాగం కాస్త నెమ్మదిగా చదవండి.

మ్యూజిక్ మ్యాన్ కంపెనీ వాళ్ల పెట్రూచీ గిటార్లు తీసుకుందాం, నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి వరస నాకు కనిపించలేదు. మొదటి తరంలో జేపీ6, జేపీ7 ఉండేవి. ఇక్కడ అంకె తీగల సంఖ్య: ఆరు తీగలది ఒకటి, ఏడు తీగలది ఇంకొకటి. తర్వాత 2010లో జేపీఎక్స్, 2011లో జేపీఎక్స్‌ఐ వచ్చాయి, అంటే రోమన్ అంకెల్లో పది, పదకొండు. మరుసటి ఏడాది రోమన్ వదిలేసి జేపీ12 అన్నారు. ఆ వెనకే జేపీ13, జేపీ15, జేపీ16. జేపీ6 నుంచి నేరుగా జేపీ12కి వచ్చినవాళ్లు పన్నెండు తీగల గిటార్ అనుకుంటే తప్పు వాళ్లది కాదు, కానీ ఆ 12 అనేది 2012. మరి అందులోనే ఏడు తీగలది కావాలంటే? జేపీ12-7. చూశారా, ఏడాది వచ్చి ముందు కూర్చుంది, తీగల సంఖ్య గీత దాటి వెనక్కి వెళ్లింది. మధ్యలో జేపీ14 ఏదని వెతక్కండి, 2014లో వచ్చింది మెజెస్టీ, దాని పేరులో అంకే లేదు.

ఇంకో సంగతి, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పేరులోని ఏడాది ఆ మోడల్ మొదలైన ఏడాది, మీ చేతిలో ఉన్న గిటార్ తయారైన ఏడాది కాదు. జేపీ15ని 2015 తర్వాత కూడా ఏళ్ల తరబడి చేశారు. ఎప్పుడు తయారైందో తెలియాలంటే సీరియల్ నంబర్ చూడాల్సిందే.

ఇప్పుడు ఐబనీజ్ కంపెనీ. శాట్రియానీ జేఎస్1000కి 22 ఫ్రెట్లు (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు), జేఎస్2400కి 24. ఓహో, మొదటి రెండంకెలూ ఫ్రెట్ల లెక్క అన్నమాట అనిపిస్తుంది. అలాగైతే జేఎస్1200కి 12 ఫ్రెట్లు ఉండాలి కదా! దానికీ 22నే. అంటే 24 దగ్గర మాత్రమే అంకె ఫ్రెట్లని చెబుతోంది, మిగతా చోట్ల అది వరసలో ఒక నంబర్, అంతే. మరి జేఎస్1000లో ఒక సున్నా తగ్గిస్తే వచ్చే జేఎస్100? అది తక్కువ ధర మోడల్. ఈ ఒక్క సున్నా దగ్గర తొందరపడితే ధరలో చాలా తేడా పడుతుంది, కాబట్టి అమ్మేవాళ్లు రాసినదాన్ని రెండుసార్లు చదవండి.

ఐబనీజ్‌లోనే ఇంకో గిటారిస్టు స్టీవ్ వై మోడళ్ల సంగతి ఇంకా గమ్మత్తు. 1987లో వచ్చిన జెమ్777లో మూడు ఏడులున్నా తీగలు ఆరే. 1993 నాటి తెల్ల జెమ్7వీ కూడా ఆరు తీగలదే. నిజంగా ఏడు తీగలున్నది 1990లో వచ్చిన యూనివర్స్, దాని గుర్తు యూవీ. ఇక్కడ తీగలు ఎన్నో చెప్పేది అంకె కాదు, ముందున్న అక్షరాలు. 2020లో కొత్త తరం తెచ్చినప్పుడు జెమ్ పేరుకి ఇంకో అంకె తగిలించకుండా పేరే మార్చి పియా అన్నారు. పియా అంటే ఆయన భార్య పేరు.

హామెట్ గిటార్లది మాత్రం శుభ్రమైన పద్ధతి. ఈఎస్‌పీ కంపెనీలో కేహెచ్-2 అసలు మోడల్. ఆ కంపెనీదే తక్కువ ధర బ్రాండ్ ఎల్‌టీడీలో అదే కేహెచ్-202గా, కేహెచ్-602గా వస్తుంది. చివరి 2 ఏ ఆకారమో చెబుతుంది, మొదటి అంకె ఏ స్థాయిదో చెబుతుంది. అన్ని కంపెనీలూ ఇలా చేస్తే ఈ పాఠమే అక్కర్లేకపోయేది.

అసలు అంకే లేకపోతే? ఫెండర్ కంపెనీ ఎరిక్ క్లాప్టన్ స్ట్రాటోకాస్టర్ 1988 నుంచీ అదే పేరుతో ఉంది, కానీ మొదట్లో ఉన్న లేస్ సెన్సర్ పికప్‌ల (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) స్థానంలో తర్వాత వింటేజ్ నాయిస్‌లెస్ అనే రకం వచ్చాయి. తరం మారింది, పేరు మారలేదు. ఇలాంటి వాటిలో పేరు చదివి లాభం లేదు, పికప్ చూడాలి. దీనికి సరిగ్గా ఎదురు సంగతి కూడా ఉంది: మ్యూజిక్ మ్యాన్ 1991లో తెచ్చిన ఎడ్డీ వాన్ హాలెన్ మోడల్, ఆయన పీవీ అనే ఇంకో కంపెనీకి వెళ్లిపోయాక యాక్సిస్ అయింది. ఆయన కొడుకు పేరు పెట్టిన వుల్ఫ్‌గాంగ్ 1996లో పీవీలో మొదలై, తర్వాత ఆయనతో పాటే ఈవీహెచ్ బ్రాండ్‌కి వెళ్లింది. పేరు మనిషిది, అచ్చు కంపెనీది.

కాబట్టి కొత్త పేరు కనబడగానే దాన్ని ఒంటరిగా చదవొద్దు. అదే మనిషి మోడళ్లు కనీసం మూడు పక్కపక్కన రాసుకుని, ఏది మారితే ఏ అంకె మారిందో చూడండి. తీగలా, ఏడాదా, ఫ్రెట్లా, ఆకారమా, ధరా? ఏదీ కుదరకపోతే అది వట్టి వరస నంబర్.

ఈసారికి అభ్యాసం: జేపీ16, జేఎస్2410, జేపీ13-7. ఒక్కో అంకె కింద అది దేని లెక్కో రాసి పెట్టుకోండి. వచ్చే భాగంలో సరిచూసుకుని, జెమ్7వీ వెనక వచ్చే డబ్ల్యూహెచ్ లాంటి రంగు గుర్తులు మొదలుపెడదాం.