కాఓర్ వైన్‌ను గంట ముందే తెరవండి

ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలో, లోట్ నది మెలికలు తిరుగుతూ పారే లోయలో తయారయ్యే కాఓర్ రెడ్ వైన్‌ను, సీసా తెరిచిన వెంటనే గ్లాసుల్లో పోయకుండా, కనీసం ఒక గంట ముందే వెడల్పాటి గాజు కూజాలోకి వంచి ఉంచడం మంచిది. 1971లో ఏఓసీ గుర్తింపు (ఫలానా ప్రాంతంలో, నిర్ణీత నిబంధనల ప్రకారం తయారైనదని ఫ్రాన్స్‌లో ఇచ్చే అధికారిక ముద్ర) పొందిన ఈ వైన్‌లో మాల్బెక్ ద్రాక్ష 70 శాతానికి తగ్గకూడదన్నది నిబంధన. మిగిలిన భాగం మెర్లో, తన్నా రకాలది. మాల్బెక్ తొక్కలోంచి దిగే రంగు ఎంత చిక్కనిదంటే దీన్ని పూర్వం నుంచీ ‘నల్ల వైన్’ అనే పిలుస్తున్నారు. కొత్త సీసాలో వగరు చిగుళ్లను పట్టేస్తుంది. గాలి సోకిన కొద్దీ అది మెత్తబడి, ప్లమ్ పండు వాసన పైకి తేలుతుంది.

కొనేటప్పుడు తోట ఎక్కడిదో లేబుల్‌పై ఉంటే తప్పక చూడాలి. నది ఒడ్డు మెట్టల వైన్ సాధారణంగా త్వరగా తాగడానికి అనువుగా ఉంటే, కోస్ అనే సున్నపురాతి పీఠభూమి మీది వైన్ కొన్నేళ్లు ఆగితేనే బాగుంటుంది. పాత సీసాను ముందురోజే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది.

వడ్డించడానికి 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతాయి కనుక, మన వేసవిలోనైతే సీసాను అరగంటకు పైగా ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. అక్కడివారు దీన్ని బాతు మాంసంతో తీసుకుంటారు. మన వేటమాంసం వేపుడూ నప్పుతుంది గానీ, కారం మాత్రం బాగా తగ్గించాలి.