నలుగురే మిగిలిన ఊరి గురించి రాయాలంటే

ఇలాంటి చోటు గురించి రాయడానికి కూర్చోగానే మూడు మాటలు వాటంతటవే వచ్చేస్తాయి: నిర్మానుష్యం, శ్మశాన నిశ్శబ్దం, బావురుమనడం. మూడింటినీ కొట్టేయండి. మొదటిది అబద్ధం కూడా. ఒక్కరున్నా అది మనుషులున్న ఊరే. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో మోనోవై అనే ఊళ్లో 2010 జనగణన నాటికి మిగిలింది ఒకే ఒక్క వృద్ధురాలు. మేయరు ఆమే, చనిపోయిన భర్త పుస్తకాలతో పెట్టిన గ్రంథాలయాన్ని చూసుకునేదీ ఆమే. అంత పని జరిగే చోటును నిర్మానుష్యం అని ఎలా అంటాం?

ముందు నేల చూడండి. గడ్డి ఎక్కడ మొలిచిందన్నది అందరూ రాస్తారు. ఎక్కడ మొలవలేదో మీరు రాయండి. రోజూ అడుగు పడే చోట గడ్డి నిలవదు. ఆ సన్నటి బాట ఏ గుమ్మం నుంచి ఏ గుమ్మానికి పోతోందో చూస్తే, ఎవరికి ఎవరితో మాటలున్నాయో తెలిసిపోతుంది. తర్వాత తాళాలు. తుప్పు పట్టినది వేరు, నూనె పెట్టినది వేరు.

జనం ఎందుకు వెళ్లిపోయారో తెలుసుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయవద్దు. ఉక్రెయిన్‌లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగాక, దాని పక్కనే ఉన్న ప్రిప్యత్ పట్టణ వాసులను 1986 ఏప్రిల్ 27న, మూడు రోజుల్లో తిరిగి రావచ్చన్నట్టుగా చెప్పి బస్సులెక్కించారు. అందుకే ఇళ్లలో సామానంతా ఉండిపోయింది. జపాన్‌లోని హషిమా దీవిలో 1974 జనవరిలో బొగ్గు గని మూసేస్తే, ఏప్రిల్ కల్లా అందరూ వెళ్లిపోయారు. నమీబియాలో వజ్రాల కోసం వెలసిన కోల్మన్స్‌కోప్ మాత్రం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఖాళీ అయింది. ఇప్పుడు గదుల్లో మోకాలి పైదాకా ఇసుక. ఈ మూడింటినీ ఒకే దిగులుతో వర్ణిస్తే మూడింటికీ అన్యాయమే.

రాత్రి అక్కడే ఉండండి. వెలిగిన దీపాలు లెక్కపెట్టండి.

మిగిలినవాళ్లను "ఒంటరిగా అనిపించదా?" అని అడగవద్దు. నేను ఒక పెద్దాయనను అలా అడిగాను. ఆయన మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. నాకు చాలా సిగ్గేసింది. మర్నాడు, "ఈ బావి తాడు ఎవరు మారుస్తారండీ?" అని అడిగితే గంటసేపు చెప్పారు.

రాసింది వాళ్లకు చదివి వినిపించండి. నేను "నాలుగిళ్లు" అని చదవగానే ఆయన ఆపి, "ఐదు" అన్నారు. ఐదో ఇంటికి తాళం వేసి ఉంది. వారానికోసారి ఆయనే తీసి ఊడుస్తారట. ఆ తాళానికున్న నూనెను నేను చూసి కూడా రాయలేదు. ఇంటికి వచ్చి ఆ వాక్యం దిద్దుకున్నాను.